గట్టినీళ్ళకు ఉప్పులేని ఉపాయం



ఎప్పుడూ విత్తనాల గురించో, ఎరువుల గురించో మాట్లాడే మనిషి యివాళ వంటింట్లోకీ, స్నానాల గదిలోకీ వచ్చాడేమిటని అనుకోకండి. నేను చెప్పబోయేది నీళ్ళ సంగతి. చాలామంది యిళ్ళలో బోరు ఒకటే. దాని నీళ్ళు కొంత చేనుకు పోతాయి, కొంత యింటికి వస్తాయి. యింట్లో నీటికి చేసిన వైద్యం పెరట్లో చెట్టుకు తగులుతుంది. అట్లా తగిలిన దెబ్బ నేను కళ్ళారా చూశాను. అందులో నా పొరపాటు కూడా వున్నది. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను. ముందు అసలు గట్టినీళ్ళు అంటే ఏమిటో చూద్దాం.

నేను పనిచేసేది పల్నాడులో. పిడుగురాళ్ళ పేరు చెబితే అందరికీ సున్నపు బట్టీలు గుర్తుకొస్తాయి. అక్కడ భూమిలో వున్నది సున్నపురాయి. ఆ రాయిని బట్టీలో కాలిస్తే సున్నం అవుతుంది. కాల్చకపోయినా అదే రాయి కొద్దికొద్దిగా నీళ్ళలో కరుగుతూనే వుంటుంది. ఎట్లాగంటారా? వాననీరు నేలలోకి దిగేటప్పుడు, మట్టిలో వేళ్ళూ సూక్ష్మజీవులూ వదిలే బొగ్గుపులుసు గాలిని తనలో కలుపుకుంటుంది. అట్లా కాస్త పులుపెక్కిన నీరు సున్నపురాయి మీదుగా పోతే రాయి కరుగుతుంది. కరిగిన కాల్షియం, మెగ్నీషియం నీటితోపాటు మన బోరులోకి వస్తాయి. ఇవి ఎక్కువగా వున్న నీళ్ళే గట్టినీళ్ళు. సున్నపురాయి లేనిచోట కూడా యీ బాధ లేకపోలేదు. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాలలో చాలాచోట్ల లోతు బోర్ల నీళ్ళు గట్టివే.

మనవాళ్ళు వీటినే ఉప్పునీళ్ళు అంటూ వుంటారు. నాలుకకు ఉప్పగా వుండటం వేరు, గట్టిగా వుండటం వేరు. కొన్ని బోర్లలో రెండూ వుంటాయి. కొన్నింటిలో నీళ్ళు తాగడానికి బాగానే వుంటాయి గాని సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతకీ ఉడకదు, బకెట్టు అంచున తెల్లటి గీత పడుతుంది. నీళ్ళు కాచే కరెంటు కడ్డీకి పెంకులాగా గార కడుతుంది. నీళ్ళు కాగినప్పుడు అందులో దాగివున్న బొగ్గుపులుసు గాలి ఎగిరిపోతుంది. కరిగిన రాయి మళ్ళీ రాయి అయి కడ్డీకి అంటుకుంటుంది. డ్రిప్పు వేసిన రైతులకు యీ సంగతి నేను చెప్పనక్కరలేదు. డ్రిప్పర్ల రంధ్రాలను మూసేసే తెల్లటి పొడి, గీజరులో పెచ్చులు కట్టే గార, రెండూ ఒక్కటే.

మన దేశపు తాగునీటి ప్రమాణం 2012లో ప్రకటించినది వున్నది. దాని ప్రకారం లీటరు నీటిలో గట్టితనం 200 మిల్లీగ్రాములలోపు వుంటే మంచిది. వేరే నీరు దొరకనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చును. గట్టినీళ్ళు తాగితే మూత్రపిండాలలో రాళ్ళు పడతాయని చాలామంది భయపడుతుంటారు. గట్టితనం ఒక్కదానివల్లనే రాళ్ళు వస్తాయని నిర్ధారణ కాలేదు. కనుక యీ సమస్య ముఖ్యంగా సబ్బు ఖర్చుది, కరెంటు ఖర్చుది, పాడైపోయే సామానుది.

ఇక నా పొరపాటు సంగతి. మా పరిధిలోని ఒక గ్రామంలో ఒక రైతు కొత్తగా యిల్లు కట్టుకున్నాడు. ఏడాది తిరగకముందే గీజరు రెండుసార్లు చెడింది. నన్ను సలహా అడిగాడు. పట్నంలో తెలిసినవారి యింట్లో వున్న సాఫ్టెనర్ యంత్రం నా మనసులో మెదిలింది. "అది పెట్టించుకోండి, పీడ వదులుతుంది" అన్నాను. పెట్టించాడు. సబ్బు నురగ వచ్చింది, గీజరు బాగుపడింది. ఆయన సంతోషించాడు, నేనూ సంతోషించాను.

ఎనిమిది నెలల తరువాత అదే వీధిలో పత్తి చేలు చూడటానికి పోతే, ఆయన తల్లిగారు నన్ను పెరట్లోకి పిలిచింది. "నాయనా, గీజరు బతికింది సరే, నా నిమ్మచెట్టు మాటేమిటి?" అన్నది. చూద్దును గదా, చెట్టు ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయి వున్నాయి. కరివేపాకు చెట్టు మోడు అయిపోయింది. చెట్ల మొదట్లో రేగడి మట్టి తడిస్తే జిగురు, ఎండితే పెంకు. యంత్రం నుంచి బయటికి పోయే గొట్టాన్ని, నీళ్ళు వృథా కాకూడదని, ఆ తల్లే చెట్ల పాదులోకి పెట్టించింది. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయని నేను ముందు అడగనే లేదు. చౌడు నేలల గురించి రైతులకు పాఠాలు చెప్పే నేను, యింట్లో చౌడు తయారుచేసే గొట్టాన్ని గమనించలేదు.

సాఫ్టెనర్ పనిచేసే తీరు యిది. దానిలో రెజిన్ గుళ్ళు వుంటాయి. నీళ్ళు వాటిగుండా పోయేటప్పుడు గుళ్ళు కాల్షియంను, మెగ్నీషియంను పట్టుకొని, దానికి బదులు సోడియంను వదులుతాయి. కొన్నాళ్ళకు గుళ్ళు నిండిపోతాయి. అప్పుడు వాటిని చిక్కటి ఉప్పునీటితో కడగాలి. ఆ కడిగిన నీరంతా బయటికి పోతుంది. అందులో ఉప్పు వుంటుంది, గుళ్ళు వదిలిన కాల్షియం, మెగ్నీషియం వుంటాయి. నిమ్మజాతి చెట్లకు అంత ఉప్పు అసలే పడదు.

కడిగిన నీటి సంగతి అట్లా వుంచినా, మెత్తబడి కుళాయిలోకి వచ్చే నీటిలో కూడా సోడియం పెరుగుతుంది. లెక్క చెబుతాను. గట్టితనం 100 మిల్లీగ్రాములు తగ్గితే సోడియం 46 మిల్లీగ్రాములు చేరుతుంది. అంటే 400 గట్టితనం వున్న నీటిని పూర్తిగా మెత్తపరిస్తే, లీటరుకు 184 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా వచ్చి చేరినట్టు. రక్తపోటు వున్నవారు, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవారు యిట్లాంటి నీటిని తాగకుండా వుండటం మంచిది.

రైతుకు యిందులో ఒక పాఠం వున్నది. చౌడు నేలకు మనం జిప్సం వేస్తాం గదా, ఎందుకు? జిప్సంలో కాల్షియం వుంటుంది. అది మట్టిని పట్టుకొని వున్న సోడియంను తరిమి, మట్టిని గుల్లబరుస్తుంది. సాఫ్టెనర్ చేసే పని దీనికి సరిగ్గా ఎదురు. గొట్టానికి శత్రువైన కాల్షియం నేలకు చుట్టం. గొట్టానికి చుట్టమైన సోడియం నేలకు శత్రువు. కాబట్టి పెరటి చెట్లకూ, కూరగాయల మళ్ళకూ మెత్తబరచిన నీళ్ళు పెట్టకండి. బోరు నుంచి నేరుగా వచ్చే గొట్టాన్ని యంత్రానికి ముందే విడిగా తీసుకోండి.

సరే, ఉప్పు వాడకుండా గట్టినీళ్ళను దారికి తెచ్చే మార్గం వున్నదా? వున్నది. అయితే యిందులో రెండు రకాలున్నాయి, ఆ తేడా తెలియకపోతే డబ్బు పోగొట్టుకుంటాం. ఒక రకం, నీటిలోని సున్నాన్ని ఉప్పు లేకుండా బయటికి తీసేసేది. రెండవ రకం, సున్నాన్ని నీటిలోనే వుంచి, అది గొట్టానికి అంటుకోకుండా చేసేది.

మొదటి రకంలో తేలికైనది నీళ్ళు కాచి దించడం. పావుగంట తెర్లనిచ్చి, చల్లార్చి, అడుగున తెల్లటి మడ్డి దిగిన తరువాత పైతేట వంచుకుంటే, గట్టితనంలో కొంత భాగం పోతుంది. పప్పు ఉడకబెట్టడానికి యీ తేట బాగుంటుంది.

ఇంకొకటి సున్నంతోనే సున్నాన్ని తీయడం. వినడానికి వింతగా వుంటుంది గాని, ముల్లును ముల్లుతో తీసినట్టే. స్కాట్లండులో అబర్డీను విశ్వవిద్యాలయపు ఆచార్యుడు థామస్ క్లార్క్ 1841లో యీ పద్ధతికి పేటెంటు పొందాడు. నీటికి తగుపాటి సున్నపు తేట కలిపితే, అది నీటిలో దాగివున్న బొగ్గుపులుసును పట్టుకుంటుంది. అప్పుడు కరిగిన రాయి, వేసిన సున్నం రెండూ కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతాయి. నీళ్ళు కాచితే పోయే గట్టితనం లీటరుకు 300 వున్న నీరు 100 లీటర్లకు, సుమారు 14 లీటర్ల సున్నపు తేట పడుతుంది. సున్నం ముద్ద వేయకూడదు, తేట మాత్రమే. మోతాదు మించితే నీళ్ళు చేతులను తినేస్తాయి. కనుక ముందు ఒక సీసాలో చూసుకొని, బట్టలు ఉతికే నీటికి మాత్రమే వాడండి. తాగే నీటికి యింట్లో యీ పని చెయ్యవద్దు. సున్నం తడిపేటప్పుడు పిల్లలను దగ్గరకు రానివ్వకండి, కళ్ళు జాగ్రత్త.

అన్నిటికన్నా మంచిది వాననీరు. అది రాయిని తాకలేదు గనుక మెత్తనిది. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. వృథా పోగా ఎనిమిది వందలైనా దక్కుతాయి. మొదటి జల్లుకు డాబా కడిగిన నీటిని వదిలేసి, తరువాతది మూతవున్న తొట్టెలోకి పట్టుకుంటే, వానాకాలంలో బట్టలకూ స్నానానికీ కొరత వుండదు.

మన పెద్దవాళ్ళ ఉపాయం కూడా ఒకటి చెప్పాలి. తలంటుకు కుంకుడుకాయ వాడేవారు గదా. సబ్బు గట్టినీళ్ళలో కాల్షియంతో కలిసి తెట్టులాగా అయిపోతుంది. కుంకుడు రసం అట్లా విరిగిపోదు. గట్టినీళ్ళ బావి దగ్గర కూడా నురగ యిస్తుంది. ఇకపోతే చిల్లగింజ అరగదీసి కలిపితే బురద దిగుతుంది గాని, గట్టితనానికి దాన్ని నమ్ముకోకూడదు.

ఇప్పుడు రెండవ రకం. బజారులో ఉప్పులేని కండిషనర్ అని అమ్ముతున్నది యిదే. దీనిలో ఒక రకం సన్నటి గుళ్ళు వుంటాయి. వాటి ఒంటిమీద కంటికి కనిపించనంత చిన్న గుంటలుంటాయి. నీళ్ళు గుళ్ళమధ్య నుంచి పోయేటప్పుడు, కరిగిన కాల్షియం ఆ గుంటలలో అతి సూక్ష్మమైన స్ఫటికాలుగా పేరుకొని, విడిపోయి, నీటితో కొట్టుకుపోతుంది. ఒకసారి స్ఫటికమైన తరువాత అది గీజరు గోడకు గట్టిగా అతుక్కోదు. దీనికి ఉప్పు అక్కరలేదు, కడిగే నీరు లేదు, కరెంటు కూడా అక్కరలేదు. పెరటి చెట్లకు దీనివల్ల హాని లేదు.

కాని ఒక మాట గట్టిగా చెబుతున్నాను. దీనిగుండా వచ్చిన నీళ్ళు గట్టినీళ్ళే. సున్నం ఎక్కడికీ పోలేదు, రూపు మార్చుకున్నది అంతే. కాబట్టి సబ్బు నురగ మునుపటిలాగే వుంటుంది, పప్పు మునుపటిలాగే ఉడుకుతుంది. గిన్నె మీద చుక్క ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది. కాకపోతే గుడ్డతో తుడిస్తే తేలికగా పోతుంది. కండిషనర్ పెట్టిన తరువాత గట్టితనం కొలిపిస్తే అంకె దాదాపు మారదు. "యంత్రం పెడితే నీళ్ళు మెత్తబడతాయి" అని అమ్మేవాడు చెబితే, ఆ మాట నిజం కాదని తెలుసుకోండి. గీజరుకూ, డాబా మీది సోలారు హీటరుకూ గార పట్టకుండా చూడటం వరకే దీని పని. ఆ పని మాత్రం బాగా చేస్తుంది.

అందుకు కొన్ని నియమాలున్నాయి. నీళ్ళలో ఇసుక, మట్టి వుంటే ముందు వడపోత పెట్టాలి. ఇనుము వున్న నీళ్ళు, అంటే పట్టి వుంచితే ఎర్రబడే నీళ్ళు, గుళ్ళను పాడుచేస్తాయి. ముందు ఇనుము తీయాలి. గుళ్ళను కొన్నేళ్ళకొకసారి మార్చాలి. ఆ ఖర్చు ఎంతో కొనేముందే అడగండి. పాత గార మందంగా వున్న గీజరును ముందు శుభ్రం చేయించి, ఆ తరువాత పెట్టండి.

గీజరుకు ముందు గొట్టంలో బిగించే ఫాస్ఫేటు గుళ్ళ డబ్బా మరొకటి వున్నది. దానిలోని ఫాస్ఫేటు కొద్దికొద్దిగా కరిగి, సున్నం పేరుకోకుండా అడ్డుపడుతుంది. గుళ్ళు అయిపోతే మళ్ళీ నింపాలి. తాగే నీటి గొట్టానికి దీన్ని పెట్టవద్దు. గొట్టం చుట్టూ కట్టే అయస్కాంతాలు కూడా అమ్ముతున్నారు. ఒకచోట పనిచేసిందన్నది యింకొకచోట పనిచేయలేదని పరీక్షలలో తేలుతూ వచ్చింది. అటువంటిదానికి డబ్బు పెట్టేముందు, మన నీళ్ళతోనే కొన్నాళ్ళు పరీక్షించి, గుణం లేకపోతే వెనక్కి తీసుకుంటామని రాసిమ్మనండి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఫ్లోరైడు వేరు, గట్టితనం వేరు. కండిషనర్ ఫ్లోరైడును తీయదు, ఉప్పదనాన్నీ తీయదు, క్రిములనూ చంపదు. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ఆ నీటిని తాగకూడదు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నం వేసి ఫ్లోరైడును దించే పద్ధతిని తయారుచేశారు. నల్లగొండ పద్ధతి అని దానికి మన జిల్లా పేరే వచ్చింది. అది ఆ రోగానికి మందు. ఏ రోగానికి ఏ మందో తెలుసుకొని వాడాలి గదా.

అందుచేత కొనేముందు నీటిని పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగంవారి ప్రయోగశాలలో గట్టితనం, ఫ్లోరైడు, ఇనుము మూడూ అడగండి. ఇంట్లో చేసుకోగల పరీక్ష కూడా ఒకటి చెబుతాను. ఒకే కొలత సీసాలు మూడు తీసుకోండి. ఒకదానిలో వాననీరు, ఒకదానిలో బోరు నీరు, ఒకదానిలో బోరు నీటినే కాచి దించిన తేట సగం దాకా పోయండి. స్నానపు సబ్బును తురిమి వేడి వాననీటిలో కరిగించి, ఆ నీటిని చుక్కలు చుక్కలుగా వేస్తూ కుదపండి. డిటర్జెంటు పొడి యీ పరీక్షకు పనికిరాదు. నురగ నిలబడటానికి ఏ సీసాకు ఎన్ని చుక్కలు పట్టిందో రాసుకోండి. బోరు నీటికన్నా కాచిన తేటకు చాలా తక్కువ చుక్కలు పడితే, మీ నీళ్ళ గట్టితనంలో ఎక్కువ భాగం కాస్తే పోయేదే. అట్లాంటి నీళ్ళకే ఉప్పులేని కండిషనర్ బాగా అక్కరకు వస్తుంది. రెండింటికీ దాదాపు సమానంగా పడితే, తొందరపడి కొనకండి.

ఖర్చులేని జాగ్రత్తలు కూడా వున్నాయి. నీళ్ళు ఎంత వేడెక్కితే అంత గార. గీజరును 50, 55 డిగ్రీల దగ్గర నిలపండి. కడ్డీకి పట్టిన గారను కత్తితో గీకకండి. ప్లగ్గు తీసి, కడ్డీ చల్లారిన తరువాత, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో గార వున్నంత మేరకే ముంచి వుంచితే కరిగిపోతుంది. డ్రిప్పుకు వాడే యాసిడ్ యింట్లో సామానుకు వాడవద్దు. ఏ పులుపునూ బ్లీచింగు పొడితో కలపవద్దు, విషవాయువు పుడుతుంది.

ఆ రైతు యింట్లో చివరికి ఏం చేశామో చెప్పి ముగిస్తాను. యంత్రం గొట్టాన్ని పాదులోంచి తీసేశాం. మట్టి పరీక్ష చేయించి, దాని ప్రకారం జిప్సం వేసి, బోరు నుంచి నేరుగా వచ్చే గట్టినీళ్ళనే నిండుగా పెట్టి ఉప్పును కిందికి దించాం. పరీక్షలో ఆ బోరు గట్టితనంలో ఎక్కువ భాగం కాస్తే పోయేదని తేలింది. కనుక సాఫ్టెనర్ మాన్పించి, ఒక్క గీజరుకు మాత్రం ఉప్పులేని కండిషనర్ పెట్టించాం. బట్టలకు డాబా మీది వాననీరు పడుతున్నారు. కరివేపాకు చెట్టు దక్కలేదు. నిమ్మచెట్టు ఒక పక్క ఎండింది, రెండవ పక్క మరుసటి వానాకాలానికి చిగురు వేసింది. మొన్న పోయినప్పుడు ఆ తల్లి రెండు కాయలు కోసి నా చేతిలో పెట్టి, "ఈసారి ఏ యంత్రం చెప్పినా, దాని నీళ్ళు ఎటు పోతాయో ముందు చూసి చెప్పు నాయనా" అన్నది.

విస్తరణ పనిలో వున్న మిత్రులకు నా మనవి కూడా అదే. రైతు సోదరులారా, నీటిని కొలిపించండి. ఏ పనికి ఎట్లాంటి నీరు కావాలో ఆలోచించి, ఆ పనికి చాలినంత నీటికే వైద్యం చెయ్యండి. ఇంట్లోంచి బయటికి పోయే నీటి బొట్టు చివరికి మన నేల మీదనే పడుతుందని మరచిపోకండి.

సెలవు.